పసిబిడ్డకు సూది గుచ్చే వేళ అమ్మ ఎక్కడ ఉండాలి?



"ఆ గదిలోకి నేను రాలేనండీ, వాడి ఏడుపు నేను వినలేను." మన ఆసుపత్రి ప్రసూతి వార్డులో ఈ మాట వినపడని రోజు ఉండదు. కాన్పై రెండు రోజులు కూడా కాని బాలింత అంటుంది, లేదా పక్కనే నిలబడ్డ బిడ్డ తండ్రి అంటాడు. మేము కూడా చాలాకాలంపాటు, "మీరు ఇక్కడే కూర్చోండమ్మా, ఒక్క నిమిషంలో తెచ్చి ఇచ్చేస్తాం" అని బిడ్డను ఎత్తుకుని లోపలికి తీసుకువెళ్ళేవాళ్ళం. తలుపు వేసేవాళ్ళం. లోపల బిడ్డ కెవ్వుమనేది, బయట తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పని అయ్యాక దూది అంటించి, వెక్కివెక్కి ఏడుస్తున్న బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టేవాళ్ళం. తల్లి చూడకపోవడమే తల్లికి మేలు అనుకున్నాం. బిడ్డకు ఏది మేలు అని మాత్రం ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు ఆ తలుపు వేయడం మానేశాం. ఎందుకు మానేశామో, సూది పడే ఆ నిమిషంలో తల్లి, తండ్రి, అమ్మమ్మ ఏం చేయగలరో ఈ సంచికలో చెప్పదలచుకున్నాం.

పుట్టగానే ఇన్ని సూదులు ఎందుకు?

నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకైనా మొదటి కొద్ది రోజుల్లో కొన్ని సూదిపోట్లు తప్పవు. పుట్టిన కొద్దిసేపటికి తొడకు విటమిన్ కె ఇంజక్షను ఇస్తాం. అది ఇవ్వకపోతే కొందరు పసిపిల్లల్లో రక్తం గడ్డకట్టక, బొడ్డు నుంచో, పేగుల నుంచో, ఒక్కోసారి మెదడులోనో రక్తస్రావం అవుతుంది. 24 గంటల్లోపు హెపటైటిస్ బి మొదటి మోతాదు తొడకు ఇస్తాం. క్షయ రాకుండా బి.సి.జి. టీకా ఎడమ భుజానికి వేస్తాం. పోలియో చుక్కలు నోట్లో వేసేవే కాబట్టి వాటితో నొప్పి లేదు. ఆ తర్వాత బిడ్డ పచ్చబడినట్టు కనిపిస్తే కామెర్ల పరీక్షకు, బరువు తక్కువగా ఉన్నా, తల్లికి షుగరు ఉన్నా గ్లూకోజు పరీక్షకు, థైరాయిడు పరీక్షకు మడమ మీద గుచ్చి కొన్ని చుక్కల రక్తం తీస్తాం. లేదా చేతి నరం నుంచి తీస్తాం.

నెలలు నిండకుండా పుట్టి, పసిపిల్లల ప్రత్యేక వార్డులో వారాల తరబడి ఉండే బిడ్డల సంగతి వేరు. ఫ్రాన్సు దేశంలో పారిస్ ప్రాంతపు ఆసుపత్రుల్లో 430 మంది శిశువులను రెండు వారాలు గమనించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కో బిడ్డకు రోజుకు సుమారు 10 సార్లు నొప్పి కలిగించే పనులు జరిగాయని అందులో తేలింది. మడమ మీద గుచ్చడం, ముక్కులో గొట్టం వేయడం, గొంతులో కఫం లాగడం, అంటించిన ప్లాస్టరు ఊడదీయడం, ఇలాంటివన్నీ కలిపి. వాటిలో ఐదింట నాలుగు వంతుల సార్లు నొప్పి తగ్గించే ప్రయత్నం ప్రత్యేకంగా ఏదీ జరగలేదు. ధనిక దేశంలో, అన్ని వసతులూ ఉన్నచోట మాట ఇది. మన పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఉండేదని చెప్పుకునే ధైర్యం మాకు లేదు.

"చంటిపిల్లకేం తెలుస్తుంది?"

ఇది ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రమే అన్న మాట కాదు, వైద్యులు కూడా నమ్మిన మాట. 1980ల నడిమి దాకా చాలా దేశాల్లో నెలలు నిండని శిశువులకు పెద్ద ఆపరేషన్లు కూడా పూర్తి మత్తు లేకుండా చేసేవారు. కండరాలు కదలకుండా చేసే మందు ఇచ్చేవారు. నొప్పి తెలియకుండా చేసే మందు చాలా తక్కువగా ఇచ్చేవారు, లేదా అసలే ఇచ్చేవారు కాదు. అంత చిన్న బిడ్డ మత్తుమందుకు తట్టుకోలేడని ఒక భయం, ఆ వయసులో నొప్పి తెలియదని ఒక నమ్మకం, రెండూ కలిసి అలా నడిచింది.

1985లో అమెరికాలో జిల్ లాసన్ అనే తల్లికి నెలలు నిండకుండా బాబు పుట్టాడు. గుండె దగ్గర మూసుకోవలసిన రక్తనాళం మూసుకోకపోతే ఆపరేషను చేశారు. బాబు కొన్ని వారాలకు చనిపోయాడు. ఆపరేషను సమయంలో బాబుకు కదలకుండా చేసే మందే తప్ప నొప్పి తెలియకుండా చేసేది ఇవ్వలేదని ఆ తల్లికి తర్వాత తెలిసింది. ఆమె ఊరుకోలేదు. ఉత్తరాలు రాసింది, పత్రికలకు చెప్పింది. అమెరికాలో ఈ సంగతి మీద మొదటిసారి బహిరంగంగా చర్చ జరగడానికి ఆమె ముఖ్య కారణం.

అదే కాలంలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో మన దేశపు యువ వైద్యుడొకాయన ఇదే విషయం మీద పనిచేస్తున్నాడు. ఆయన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్. ఇండోర్ వైద్య కళాశాలలో చదివి అక్కడికి వెళ్ళినవాడు. ఆపరేషనుకు వెళ్ళేటప్పుడు నిలకడగా ఉన్న శిశువులు తిరిగి వచ్చేసరికి పాలిపోయి, ఊపిరికి ఇబ్బంది పడుతూ ఉండడం చూసి ఆయనకు అనుమానం వచ్చింది. కొందరు శిశువులకు నొప్పి తెలియనివ్వని ఫెంటనిల్ అనే మందు కలిపి ఇచ్చి, మిగతావారికి మామూలు పద్ధతిలోనే చేసి, రక్తంలో హార్మోన్లను కొలిచి చూశారు. మందు అందిన శిశువుల శరీరం అంతగా అదిరిపోలేదు, ఆపరేషను తర్వాత చిక్కులు కూడా వారికి తక్కువగా వచ్చాయి. 1987లో అది ప్రచురితమైంది. అదే ఏడాది, శిశువులకు నొప్పి తెలియదనడం ఇక కుదరదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ప్రకటించింది.

శిశువుకు నొప్పి తెలియదనేవారు ఒక కారణం చెప్పేవారు. నరాల మీద కొవ్వుతో చేసిన ఒక పొర ఉంటుంది, కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్టు. పసిబిడ్డలో ఆ తొడుగు ఇంకా పూర్తి కాదు కాబట్టి నొప్పి మెదడుకు చేరదు అని వాదన. అయితే పెద్దవాళ్ళలో కూడా నొప్పిని మోసే నరాల్లో చాలా భాగం తొడుగు లేని సన్నని నరాలే. తొడుగు లేకపోతే కబురు కొంచెం మెల్లగా వెళ్తుంది, అంతే. బిడ్డలో నరం పొడవు ఎంత గనుక?

ఇంకో సంగతి ఉంది. మనకు దెబ్బ తగిలినప్పుడు మెదడు నుంచి కిందికి ఒక ఆజ్ఞ వస్తుంది, నొప్పికి బ్రేకు వేసినట్టు. పసిబిడ్డలో నొప్పిని పైకి మోసే దారి సిద్ధంగా ఉంటుంది కానీ, బ్రేకు ఇంకా సరిగా పడదు. అందుకే నెలలు నిండని బిడ్డకు మనకంటే ఎక్కువగానే తెలుస్తుంది. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వారం కూడా నిండని శిశువుల పాదం మీద మొద్దు మొన ఉన్న పుల్లతో మెల్లగా పొడుస్తూ మెదడును స్కానులో చూశారు. పెద్దవాళ్ళలో నొప్పికి మెదడులో 20 చోట్ల కదలిక కనిపిస్తే, శిశువుల్లో 18 చోట్ల కనిపించింది. అది కూడా పెద్దవాళ్ళకు వాడిన ఒత్తిడిలో నాలుగో వంతుకే.

"సరే, నొప్పి తెలుస్తుంది. మర్చిపోతారు కదా?" అని అడుగుతారు. మనసు మర్చిపోవచ్చు. శరీరం అంత తొందరగా మర్చిపోదు. కెనడాలో పుట్టిన కొద్దిరోజులకే మగబిడ్డలకు సున్తీ చేయించే అలవాటు కొందరిలో ఉంది. నొప్పి తగ్గించే లేపనం లేకుండా సున్తీ జరిగిన బిడ్డలు, నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా వేసినప్పుడు మిగతా బిడ్డలకంటే ఎక్కువ బాధపడ్డారని 1997లో అక్కడి పరిశోధకులు చూపించారు. ఇది చదివి, మా బిడ్డకు మడమ మీద నాలుగుసార్లు గుచ్చారే అని ఏ తల్లీ బెంగపెట్టుకోవద్దు. నొప్పి పడ్డ తర్వాత బిడ్డకు దొరికే ఒడి కూడా శరీరానికి గుర్తుంటుంది.

మాకు కళ్ళు తెరిపించిన బిడ్డ

కొన్నేళ్ళ క్రితం పక్క మండలం నుంచి వచ్చిన ఒక కుటుంబంలో ఆడపిల్ల పుట్టింది. రెండో రోజుకే పచ్చబడింది. మడమ మీద గుచ్చి పరీక్ష చేశాం, నీలి లైటు కింద పెట్టాం, మర్నాడు మళ్ళీ చేయాలన్నాం. మొదటిసారి రక్తం సరిగా రాక మడమను చాలాసేపు పిండాం. ఆ ఏడుపు వార్డంతా విన్నది. మర్నాడు తాతగారు వచ్చి, "మళ్ళీ గుచ్చుతారా? మా పిల్లని అంత ఏడిపించే పరీక్ష మాకొద్దు" అన్నారు. "ఏం కాదండీ, చంటిపిల్లలు ఏడుస్తారు" అన్నాం మేము. సంతకం పెట్టి తీసుకువెళ్ళిపోయారు. ఐదో రోజు రాత్రి తిరిగి తెచ్చారు. అరికాళ్ళ దాకా పసుపు, పాలు పట్టడం లేదు, పిలిస్తే కదలిక లేదు. రక్తం మార్చవలసి వచ్చింది. బిడ్డ దక్కింది. వినికిడి పరీక్షలకు ఇప్పటికీ వస్తోంది.

తాతగారు మూర్ఖంగా ప్రవర్తించారని మొదట మాలో మేము అనుకున్నాం. తర్వాత కూర్చుని మాట్లాడుకుంటే, "ఏం కాదు" అన్న మా మాటే ఆయనను పంపించేసిందని అనిపించింది. ఆయన కళ్ళెదుట బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే మేము ఏం కాదన్నాం. ఆయన మమ్మల్ని ఎందుకు నమ్మాలి? నొప్పి ఉంటుంది, దాన్ని ఇలా తగ్గిస్తాం, మీరు పక్కనే ఉండండి అని చెప్పి ఉంటే ఆ బిడ్డ ఇంటికి వెళ్ళేది కాదేమో.

ఏడవని బిడ్డకు నొప్పి లేదనుకోవద్దు

నెలలు నిండిన బిడ్డ గట్టిగా ఏడుస్తుంది కాబట్టి మనకు అర్థమవుతుంది. అయితే ఏడుపు ఒక్కటే గుర్తు కాదు. నొప్పి కలిగినప్పుడు నుదురు ముడిపడి ముందుకు ఉబుకుతుంది, కళ్ళు గట్టిగా మూసుకుంటాయి, ముక్కు పక్క నుంచి పెదవి చివరిదాకా గీత లోతుగా పడుతుంది, నోరు తెరుచుకుని నాలుక బిగుసుకుంటుంది. చేతివేళ్ళు విచ్చుకుంటాయి, లేదా పిడికిలి బిగుస్తుంది. ఆకలి ఏడుపులో ఇవన్నీ ఇలా ఒక్కసారిగా కనిపించవు. వార్డులో మా సిస్టర్లు ఈ గుర్తులకు మార్కులు వేసి రాసుకుంటారు.

నెలలు నిండని బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా ఉండదు. గుచ్చితే మెత్తగా వాలిపోతుంది, రంగు మారుతుంది, ఊపిరి కాసేపు ఆగుతుంది, గుండె వేగం మారుతుంది. "ఈ పిల్ల ఎంత బుద్ధిమంతురాలో, సూది వేసినా కిక్కురుమనలేదు" అని మేమే మెచ్చుకున్న రోజులున్నాయి. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. నోటితో చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేదనడానికి వీల్లేదని ప్రపంచ నొప్పి వైద్యుల సంఘం 2020లో నొప్పికి ఇచ్చిన కొత్త నిర్వచనంలో ప్రత్యేకంగా రాసింది.

అమ్మ పాలు, అమ్మ ఒళ్ళు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చిన్న సూదిపోటుకు బిడ్డకు ఇవ్వగలిగిన మందుల్లో అన్నిటికంటే మంచిది ఏ షాపులోనూ అమ్మరు. బిడ్డ పాలు తాగుతుండగా గుచ్చడమే ఆ మందు.

2003లో ఫ్రాన్సులో 180 మంది శిశువులను నాలుగు జట్లుగా చేసి, రక్తం తీసేటప్పుడు ఎంత నొప్పి పడుతున్నారో పదికి ఇన్ని అని మార్కులు వేశారు. మామూలు నీళ్ళ చుక్కలు ఇచ్చిన బిడ్డలకు మధ్యస్థంగా 10 వచ్చింది. తల్లి బట్టల మీదనే ఊరికే ఎత్తుకుని కూర్చున్న బిడ్డలకు కూడా 10 వచ్చింది. తల్లి దగ్గర పాలు తాగుతున్న బిడ్డలకు 1. గ్లూకోజు చుక్కలతోపాటు చప్పరించే రబ్బరు పీక ఇచ్చిన బిడ్డలకు 3. ఊరికే ఎత్తుకోవడానికీ, పాలివ్వడానికీ ఉన్న తేడా ఇది. రొమ్ము చప్పరించడం, పాల తీపి, తల్లి వాసన, ఒంటి వెచ్చదనం అన్నీ ఒక్కసారే పనిచేస్తాయి.

ఎలా చేయాలంటే, సిస్టరు సూది సిద్ధం చేయడానికి ముందే బిడ్డను రొమ్ముకు పట్టించండి. చనుమొన మాత్రమే కాకుండా చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి వెళ్ళి, గుటకలు వినిపించాలి. రెండు మూడు నిమిషాలు బాగా తాగాక మాకు తల ఊపండి. అప్పుడు మడమ గానీ తొడ గానీ బయటికి తీసి పని చేసుకుంటాం. బిడ్డ ఒక్క క్షణం ఉలిక్కిపడి రొమ్ము వదలవచ్చు. మళ్ళీ పట్టించండి, సూది తీశాక కూడా కాసేపు తాగనివ్వండి.

తల్లులు రెండు భయాలు చెబుతారు. పాలు తాగుతూ ఏడిస్తే పొర పోతుందేమో అని ఒకటి, రొమ్మును చూస్తే నొప్పి గుర్తొచ్చి పాలు మానేస్తుందేమో అని ఇంకొకటి. పాలు తాగుతుండగా గుచ్చిన బిడ్డల మీద చాలా పరిశోధనలు జరిగాయి, ఈ రెండూ వాటిలో కనిపించలేదు. టీకాల సమయంలో పాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో సలహా ఇచ్చింది.

పాలు ఇంకా సరిగా పడని తల్లి, పాలు తాగలేనంత చిన్న బిడ్డ అయితే ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టుకోవడం ఉంది. కంగారూ పద్ధతి అంటాం. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. బిడ్డకు టోపీ, డయపరు మాత్రమే ఉంచి, రొమ్ముల మధ్య నిలువుగా పెట్టుకుని, పైన చీర కొంగో దుప్పటో కప్పుకోవాలి. సూదికి పది పదిహేను నిమిషాల ముందే ఇలా పెట్టుకుంటే మంచిది. 2000లో అమెరికాలో చేసిన ఒక చిన్న అధ్యయనంలో, మడమ మీద గుచ్చినప్పుడు ఇలా ఉన్న బిడ్డలు ఉయ్యాలలో ఉన్న బిడ్డలకంటే 82 శాతం తక్కువగా ఏడ్చారు.

సిజేరియను అయి తల్లి కదల్లేకపోతే నాన్న ఉన్నాడు. చొక్కా గుండీలు విప్పమంటే మన మగవాళ్ళు మొదట వార్డులో అటూ ఇటూ చూస్తారు. ఒక్కసారి బిడ్డ గుండెల మీద నిద్రపోయాక మళ్ళీ ఇవ్వమంటే ఇవ్వరు. అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని ఎవరైనా సరే, జలుబు, దగ్గు, చర్మవ్యాధి లేకుండా చేతులు శుభ్రంగా కడుక్కుంటే చాలు.

వార్మరు మీది నుంచి తీయడానికి వీల్లేని బిడ్డకు కూడా ఒక దారి ఉంది. ఒక చెయ్యి తల మీద, ఇంకో చెయ్యి మడిచిన కాళ్ళ మీద పెట్టి, కడుపులో ఉన్నప్పటిలా ముడుచుకునేట్టు మెల్లగా పట్టుకోవాలి. బిగించి నొక్కకూడదు. పొత్తిళ్ళలో చుట్టినా కొంత మేలే, కాళ్ళు చాచి గట్టిగా కట్టేయకూడదు మరి, తుంటి కీలుకు మంచిది కాదు. 2018లో ఇంకో అధ్యయనం వచ్చింది. సెకనుకు సుమారు 3 సెంటీమీటర్ల వేగంతో మెత్తని కుంచెతో చర్మాన్ని నిమిరితే, ఆ తర్వాత గుచ్చినప్పుడు శిశువు మెదడులో నొప్పి గుర్తు తగ్గిందట. మన పెద్దవాళ్ళు బిడ్డ ఒంటి మీద చెయ్యి వేసి నిమిరే వేగం ఇంచుమించు అదే. వాళ్ళకు గడియారం అక్కర్లేకపోయింది.

తీపి చుక్కలు, తేనె గొడవ

తల్లి అందుబాటులో లేనప్పుడు మేము 24 శాతం పంచదార ద్రావణం గానీ 25 శాతం డెక్స్ట్రోజు గానీ కొన్ని చుక్కలు నాలుక కొసన వేస్తాం. బిడ్డ బరువును బట్టి ఎంతో డాక్టరు రాస్తారు, నెలలు నిండిన బిడ్డకైనా 2 మిల్లీలీటర్లు మించదు. వేసిన రెండు నిమిషాలకు గుచ్చాలి. తీపి నోటికి తెలిస్తేనే పనిచేస్తుంది. గొట్టం ద్వారా నేరుగా పొట్టలోకి వేస్తే ఏమీ లాభం ఉండదు.

ఇది చూసిన అమ్మమ్మలు, "మరి మేము తేనె నాకిస్తే ఎందుకు కోప్పడతారు?" అని నిలదీస్తారు. న్యాయమైన ప్రశ్నే. తేనెలో ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో అవి ఏమీ చేయలేవు. ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తే ఒళ్ళంతా చచ్చుబడి, ఊపిరి కూడా ఆడకపోవచ్చు. అందుకని ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు. ఇంట్లో కలిపిన పంచదార నీళ్ళు కూడా వద్దు. నీళ్ళు, గిన్నె, చెంచా ద్వారా విరేచనాలు అంటుకుంటాయి, తీపికి అలవాటుపడి బిడ్డ రొమ్ము సరిగా పట్టదు, ముర్రుపాలు వృథా అవుతాయి. మేము వార్డులో ఇచ్చేది శుభ్రమైన సీసాలోది, కొలిచి, గుచ్చేటప్పుడు మాత్రమే. ఏడుపు మాన్పడానికి కాదు. ఆరు నెలలదాకా తల్లిపాలు మాత్రమే అన్న మాటకు ఇది వ్యతిరేకం కాదు.

ఈ తీపి చుక్కల మీద వైద్యుల్లో కూడా వాదన ఉంది. 2010లో లండనులో చేసిన ఒక అధ్యయనంలో, చుక్కలు వేసిన బిడ్డల ముఖంలో బాధ తగ్గింది కానీ, మెదడులో నొప్పి గుర్తు తగ్గలేదని తేలింది. నెలల తరబడి రోజూ ఇస్తే ఏమవుతుందో కూడా ఇంకా పూర్తిగా తేలలేదు. కాబట్టి మేము ముందు తల్లిపాలు, తర్వాత తల్లి ఒళ్ళు, ఆ తర్వాతే తీపి చుక్కలు అనే వరుస పెట్టుకున్నాం. అసలు గుచ్చడమే తగ్గించడం వీటన్నిటికంటే ముందుంది. ఒకేసారి తీసిన రక్తంతో రెండు మూడు పరీక్షలు చేయవచ్చునా అని డాక్టర్లు ఇప్పుడు ముందే చూసుకుంటున్నారు. రక్తం కాస్త ఎక్కువ కావలసి వస్తే, మడమ పిండటం కంటే అనుభవం ఉన్న చేతితో నరం నుంచి తీయడమే నెలలు నిండిన బిడ్డకు తక్కువ నొప్పి. మడమను పిండటం సూదికంటే ఎక్కువ బాధ.

పారాసిటమాల్ చుక్కల గురించి కూడా అడుగుతారు. మడమ మీద గుచ్చే నొప్పికి అది పనిచేయదు. నెలలోపు బిడ్డకు డాక్టరు రాయకుండా ఏ నొప్పి మందూ వేయకండి.

సూది ఒక్కటే నొప్పి కాదు

ఇక్కడ కొంచెం మందలింపుగా అనిపించినా చెప్పక తప్పదు. పుట్టిన బిడ్డకు, ఆడైనా మగైనా, రొమ్ములు కొద్దిగా ఉబ్బి పాలలాంటివి రావడం సహజం. తల్లి హార్మోన్ల వల్ల వస్తుంది, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. స్నానం చేయించేటప్పుడు వాటిని పిండుతారు. బిడ్డకు అది భరించరాని నొప్పి, చీము పట్టి ఆపరేషను దాకా వచ్చిన బిడ్డలు ఉన్నారు. కామెర్లకు, పొట్ట ఉబ్బరానికి వాతలు పెట్టించే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. కాలిన పుండు ద్వారా చీము రక్తంలోకి పాకుతుంది, కామెర్లు మాత్రం తగ్గవు. మా సూదికి భయపడి ఆసుపత్రికి రాని కుటుంబమే వాతకు ఒప్పుకోవడం చూస్తే మాకు చాలా బాధ కలుగుతుంది.

టీకా వేసినచోట కాపడం పెట్టకండి, రుద్దకండి. బి.సి.జి. వేసినచోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, చితికి, మచ్చ పడుతుంది. టీకా పట్టిందనడానికి అదే గుర్తు. దానికి పసుపు గానీ మందు గానీ రాయనక్కర్లేదు.

పెద్ద పనులకు పెద్ద మందులు

పాలు, ఒడి, తీపి అన్నీ చిన్న పోట్లకు మాత్రమే. ఛాతీలో గొట్టం వేయాలన్నా, ఆపరేషను చేయాలన్నా అవి చాలవు. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి మందులు ఊపిరిని గమనిస్తూ ఇస్తారు. అటువంటి పని మీ బిడ్డకు చేయవలసి వస్తే, "నొప్పికి ఏం ఇస్తున్నారు?" అని అడగండి. ఎక్కడైనా సరే, ఏ ఆసుపత్రిలోనైనా సరే అడగవచ్చు. తప్పుగా అనుకోరు, అనుకున్నా అడగండి.

నెలలు నిండని బిడ్డల కంటి పరీక్ష గురించి ఒక మాట. 34 వారాలకు ముందు పుట్టిన బిడ్డలకు, లేదా 2 కిలోలకంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు కంటి వెనక పొరలో రక్తనాళాలు తప్పుగా పెరిగి చూపు పోయే ప్రమాదం ఉంది. నెల నిండేలోపు కళ్ళ డాక్టరు చూడాలి, మరీ చిన్న బిడ్డలను ఇంకా ముందే చూడాలి. కనురెప్పలు తెరిచి ఉంచడానికి ఒక క్లిప్పు పెడతారు కాబట్టి బిడ్డ చాలా ఏడుస్తుంది. ఆ ఏడుపు చూసి తర్వాతి తేదీకి రాని తల్లిదండ్రులు ఉన్నారు. మానవద్దు, ఆ చూపు తర్వాత తేవడం ఎవరి తరమూ కాదు. కంటికి తిమ్మిరి చుక్కలు వేస్తారు, పొత్తిళ్ళలో చుట్టి నోట్లో తీపి చుక్కలు వేస్తారు, మీరు తల దగ్గర చెయ్యి వేసి ఉండవచ్చు.

ఎంతసేపు ఏడిస్తే భయపడాలి?

మామూలు సూదిపోటు ఏడుపు కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఎత్తుకున్నా, పాలిచ్చినా ఆగకుండా గంటల తరబడి ఏడిస్తే, పాలు తాగడం మానేస్తే, ఒళ్ళు వేడెక్కినా, చల్లబడినా, మత్తుగా పడి ఉన్నా, గుచ్చినచోట ఎర్రగా వాచినా, రక్తం ఆగకుండా ఉబుకుతున్నా రాత్రి అనకుండా బిడ్డను తీసుకురండి. ఇవి నొప్పి గుర్తులు కావు, ఇంకేదో జరుగుతోందనడానికి గుర్తులు.

ఆరో వారం టీకాకు వచ్చే తల్లులు ముందు వైపు గుండీలున్న జాకెట్టు వేసుకుని వస్తే పాలివ్వడానికి సులువు. వచ్చేముందు ఇంటి దగ్గర కడుపునిండా పట్టించి తీసుకురాకండి, కొంచెం ఆకలి ఉంచండి, ఇక్కడ తాగాలి కదా. టీకాల గదిలో కిటికీ పక్కన తెర కట్టి, చేతులున్న కుర్చీ ఒకటి వేశాం. అది తల్లి కూర్చోవడానికి. సూది పట్టుకున్న సిస్టరు పక్కన స్టూలు మీద కూర్చుంటుంది, మీరు తల ఊపేదాకా ఆగుతుంది.